మూడొందల పింగ్

ఉష గోడ చాటుకి వెళ్లి, పూర్తిగా దాక్కున్నాక చచ్చిపోయింది. ఆదివారం పదకొండు గంటలకి మొదలైన టోర్నమెంటులో మొదటి ఆట అలా ముగిసింది. ఫోను తెర మీద తను గోడ వెనకే ఉంది. కానీ ఆట నడిపే సర్వరుకి ఆ కబురు ఆలస్యంగా అందింది. దాని లెక్కలో ఉష ఇంకా నడివీధిలోనే నిలబడి ఉంది కాబట్టి, ఎదుటివాడు తీరిగ్గా కాల్చాడు. ఇలాంటిచోట సర్వరు చూసిందే నిజం, మన కళ్లు చూసింది కాదు.

తెర మూలన ఎర్రగా 312 అని వెలుగుతోంది. మన కబురు సర్వరుకి వెళ్లి రావడానికి పట్టే సమయం అది, మిల్లీసెకన్లలో. దాన్నే ఆడేవాళ్లు పింగ్ అంటారు. నలభై ఉంటే హాయి. మూడొందలు దాటితే చేతిలో తుపాకీ ఉన్నా ఒకటే, చీపురు ఉన్నా ఒకటే.

"సర్వరు పాడైపోయినట్టున్నాది" అంది ఉష.

"సర్వరు అందరికీ ఒకటే కదా ఉషా. మా ముగ్గురికీ నలభయ్యే సూపిస్తన్నాది" అన్నాడు విజయనగరం నుంచి ఆటలోనే మాట్లాడుతున్న జట్టు నాయకుడు పృథ్వీరాజ్. అతని గొంతులో కోపం లేదు. అదే ఆమెకి ఎక్కువ గుచ్చుకుంది. "రెండో ఆటకి గంట టైముంది. అప్పటికీ ఇలాగే ఉంటే నీ బదులు శైలజని దింపుతాను. ఏటీ అనుకోకు."

అనుకోకుండా ఎలా ఉంటుంది? రెండు నెలలుగా, జట్టు ఆడే ప్రతి ఆదివారం పొద్దునా ఇదే తంతు. సముద్రం ఒడ్డున ఉష వాళ్ల పేటలో ఇంటింటికీ నెట్టు తీగలు లాగే గిరిబాబు ఇప్పటికి మూడుసార్లు వచ్చి చూశాడు. ప్రతిసారీ పనంతా ముగించుకుని సాయంత్రమే వచ్చాడు. "బంగారంలాగున్నాది లైను. ఆడలేక మద్దెల ఓడన్నాదంట ఎవతో" అని నవ్వి వెళ్లిపోయాడు. ఆ సామెత ఉష బుర్రలో తిష్ట వేసుకుంది. నిజంగానే తనకి ఆట రాదేమో, వంక పింగు మీద పెడుతోందేమో అని దిగులు పట్టుకుంది.

ఈసారి ఆమె గిరిబాబుని ఫోన్లో బతిమాలలేదు, గట్టిగా చెప్పింది. "ఇప్పుడే రా మావా. సాయంత్రం వస్తే నాకు అక్కర్లేదు."

గిరిబాబు గొణుక్కుంటూ వచ్చాడు. గదిలో నెట్టు పెట్టెని చూశాడు, తీగ పట్టుకుని ఇంటి వెనక్కి వెళ్లాడు.

"ఉషా, ఇలా రా" అని పిలిచాడు.

స్తంభం నుంచి ఇంటి చూరు దాకా కిందికి వేలాడుతున్న ఆ తీగ మీద ఉప్పు పట్టించిన సావళ్లు, రిబ్బన్లలాంటి పొడుగాటి చేపలు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వరసగా ఆరుతున్నాయి. ఆ బరువుకి చూరు కొక్కెం దగ్గర తీగ మోకాలిలా మడతపడింది. పక్కనే ఉష మామ్మ లక్ష్మణమ్మ కర్ర పట్టుకుని కాకుల్ని తోలుతోంది.

"అత్తా, ఏటిది?" అన్నాడు గిరిబాబు.

"సావళ్లు. కనపడ్డం నేదేటి?"

"అది నెట్టు తీగ."

"తెలుసు. కరెంటుండదు, ముట్టుకున్నా ఏటీ అవదని నువ్వే కదా సెప్పావు. మంచి దండెం దొరికిందనుకున్నాను. ఇసకలో ఆరేస్తే చేప గరగరలాడతాది. తాడేమో ఉప్పుకి కుళ్లిపోతాది. ఇది కుళ్లదు."

గిరిబాబు తీగ మడతని చూపించాడు. లోపల వెంట్రుకంత గాజు పోగు ఉంటుందనీ, దాంట్లో వెలుగు పరిగెడుతుందనీ, మడత పడితే ఆ వెలుగు సగం బయటికి కారిపోతుందనీ వివరించాడు. అప్పుడు కబుర్లు దారిలో తప్పిపోయి, మళ్లీ మళ్లీ పంపాల్సి వస్తుంది. సాయంత్రం చేపలు తీసేశాక తీగ సర్దుకుంటుంది. అందుకే అతనికి లోపం దొరకలేదు.

"తీసెయ్ మామ్మా" అంది ఉష.

"మంచి ఎండమ్మా. ఇప్పుడు తీసేసి, రేపు మబ్బేస్తే పురుగు పడతాది."

"వీటి వల్ల నన్ను జట్టులోంచి తీసేస్తన్నారు. నాకు ఆట రాదనుకుంటన్నారు. నేనూ అదే అనుకుంటన్నాను."

లక్ష్మణమ్మ మనవరాలి మొహం చూసింది. కర్ర పక్కన పడేసి, చేపలు తీయడం మొదలుపెట్టింది. ముగ్గురూ కలిసి వాటిని పాత వల మీద పరిచారు. గిరిబాబు కొక్కెం దగ్గర తీగని సరిచేశాడు.

రెండో ఆట మొదలయ్యేసరికి పింగ్ 41. అయినా ఉష కాల్చిన మొదటి నాలుగు తూటాలూ గాల్లోకే పోయాయి. గుమ్మంలో నిలబడి చూస్తున్న లక్ష్మణమ్మకి చిరాకేసింది.

"మనిషి ఇటుంటే అటు కాలుస్తావేటే?"

ఉషకి అప్పుడు వెలిగింది. ఆలస్యానికి అలవాటుపడి, ఆదివారాల్లో ఎదుటివాడికి రెండడుగులు ముందు గురి పెట్టడం నేర్చుకుంది. ఇప్పుడా అవసరం లేదు. తను చూస్తున్నదే సర్వరూ చూస్తోంది. తిన్నగా మనిషికే గురి పెట్టింది. ఒకడు పడ్డాడు, ఇంకొకడు పడ్డాడు. ఆట ముగిసేసరికి ఏడుగురు. జట్టు మొదటి స్థానంలో ఉంది.

ఉష చేపల సంగతి చెప్పగానే అవతల నుంచి పృథ్వీరాజ్ అడిగాడు.

"ఉషా, ఇన్ని ఆదివారాలూ మూడొందల పింగుతోనే మా పక్కన నిలబడ్డావా?"

"మరేటి సేస్తాను."

"నేనైతే తుపాకీ కూడా తీయలేకపోదును."

ఉష నవ్వబోయింది. నవ్వుకి బదులు కన్నీళ్లు వచ్చాయి.

"గెలిచినోళ్లు ఏడుస్తారేటే?" అంది లక్ష్మణమ్మ, ఉప్పు చేతులు కొంగుకి తుడుచుకుంటూ.

"నాకు ఆట వచ్చు మామ్మా" అంది ఉష.