బాణాలన్నీ అక్కవే

జహీరాబాద్‌లో ప్రైమరీ స్కూలు టీచరు భాగీరథికి ముప్పై రెండేళ్లు. నాయిన పోయినప్పట్నుంచి, పదేళ్లుగా ఇల్లూ, మొగుడంపల్లి దారిలో ఉన్న అల్లం చేనూ ఆమే చూసుకుంటోంది. తమ్ముడు విరూపాక్షకు పాతికేళ్లొచ్చినా చొక్కా గుడ్డ ఆమే ఎంచాలి. తన పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే, "ఇల్లెవరు జూస్తరు?" అని నవ్వేసేది.

1983 ఎండాకాలంలో టీచర్ల శిక్షణకని హైదరాబాద్ వెళ్లింది. అక్కడ ఒక మేడం కుటుంబాల గురించి పాఠం చెప్పింది. ఇంట్లో ఒకరు మరీ ఎక్కువ చేస్తుంటే ఇంకొకరు తక్కువ చేయడం అలవాటు చేసుకుంటారనీ, ఒకరి తీరు మారితే మిగతావాళ్ల తీరూ మారుతుందనీ అంది. తర్వాత అందరి చేతా వాళ్ల ఇళ్ల బొమ్మలు వేయించింది. ఆడవాళ్లకు సున్నా, మగవాళ్లకు గడి. ఒకరి పని ఇంకొకరు చేస్తుంటే, చేసేవాళ్ల నుంచి వాళ్ల వైపు బాణం.

భాగీరథి కాగితం మీద బాణాలన్నీ ఆమె సున్నాలోంచే బయల్దేరాయి. మేడం జాలిపడుతుందనుకుంది. మేడం మాత్రం, "మీ తమ్ముడికి చేయడానికి ఏం మిగిల్చారు?" అని అడిగింది.

"నేను జెయ్యకుంటే ఇల్లు నడ్వదు మేడం."

"ఎప్పుడైనా మానేసి చూశారా?"

తిరుగు బస్సు సదాశివపేట దాటేదాకా ఆమె కోపం తగ్గలేదు. అప్పుడు గుర్తొచ్చింది. నాయిన పోయిన ఏడాది విరూపాక్ష ఒక్కడే చేను దున్నబోతే, సాళ్లు వంకరపోయాయని నాగలి లాక్కుని కూలీకిచ్చింది తనే. వాడు మళ్లీ నాగలి ముట్టలేదు.

ఇంటికి రాగానే తల్లి గిరిజమ్మ ఎదురొచ్చింది. "ఐతారం న్యాల్‌కల్ నుంచి గురులింగప్ప వస్తుండు, మన పిల్లగాన్ని జూడ. నువ్వే మాట్లాడాలె బిడ్డా."

"నేను మాట్లాడనవ్వా. పెళ్లి వానిది, వాడే మాట్లాడుకుంటడు."

"వానికేం మాటలొస్తయే!" అని గిరిజమ్మ నెత్తి కొట్టుకుంది.

ఆదివారం గురులింగప్ప వచ్చి కూర్చున్నాడు. "ఏం జేస్తవు బాబూ?" అన్నాడు. విరూపాక్ష అలవాటుగా అక్క వైపు చూశాడు. భాగీరథికి జవాబు నాలుక చివరి దాకా వచ్చింది. చప్పున లేచి, చాయ్ చూసే వంకతో వంటింట్లోకి పోయి, తలుపు పక్కన నిలబడింది.

చివరికి విరూపాక్ష గొంతు సవరించుకున్నాడు. "ఇప్పటిదాంక అక్క చెప్పింది జేసిన. ఇగ నా అంతట నేను జేసి జూడాలె."

గురులింగప్ప ఫక్కున నవ్వాడు. "అబద్ధమైతే చెప్పవు. మా పిల్ల బస్వమ్మకు గదే ముఖ్యం."

ఆ ఏడు అల్లం పని వాడే మీద వేసుకున్నాడు. మొదటి వారమే రెండు బండ్ల ఎరువు పొరపాటున పక్కనున్న ఎంకయ్య చేన్లో పోయించాడు. కబురు వినగానే భాగీరథి చెప్పులేసుకుని గడప దాకా పోయింది. అక్కడే ఆగి, చెప్పులు విడిచి వెనక్కొచ్చింది. మర్నాడు వాడే గంపలతో మోయించి తమ చేన్లో వేయించాడు. సాయంత్రం అన్నం తింటూ ఆ సంగతి వాడే చెబుతుంటే గిరిజమ్మకు నవ్వాగక పొలమారింది.

భాగీరథికే కష్టమైంది. ఒక మధ్యాహ్నం ఏ పనీ తోచక, గుమ్మంలో కూర్చుని ఊరికే ఏడ్చింది.

"ఏమైందే?" అంది తల్లి.

"ఏం లేదవ్వా. నాతోని ఎవ్వరికీ పని లేకపాయె."

గిరిజమ్మ లోపలికి పోయి నూనె గిన్నె తెచ్చింది. "జర ఇటు తిరుగు. నీ తల దువ్వక ఎన్నేండ్లాయెనో. ఎన్నడన్నా కాలు నిలిస్తే గద!" అంటూ కూతురి జడ విప్పింది. తల్లి వేళ్లు తగలగానే భాగీరథికి కళ్లు మూతలు పడ్డాయి.

మాఘంలో పెళ్లయింది. వంటవాళ్లను కుదిర్చింది విరూపాక్షే. విస్తళ్లు తక్కువపడి ఇద్దరు పరుగెత్తారు, చారులో ఉప్పెక్కువైంది. భాగీరథి మాత్రం పట్టుచీర కట్టుకుని, ఇంటి శుభకార్యంలో మొట్టమొదటిసారి తొలి బంతిలోనే కూర్చుంది. పప్పూ బెల్లం పూర్ణం పెట్టిన వేడివేడి పోలె మీద నెయ్యి వేయించుకుంటుంటే, పక్కనున్న చుట్టం ఆశ్చర్యపోయింది.

"నువ్వే కూసుంటే ఎట్ల భాగీరథీ? అక్కడ ఎవరు జూస్తున్రు?"

"ఏమో అత్తా," అంది భాగీరథి నోటినిండా నములుతూ, "ఇంకో పోలె వేయమను."