మూరెడు ఊపిరి

సోమవారం పొద్దున సాయిలు ఊపిరి గడప దాకా వెళ్ళి ఆగిపోతుంది. నిన్నటి వరకూ అది గడప దాటి, వాకిలి దాటి, వీధి మొగలో కుళాయి దాకా పోయి వచ్చేది. బాలమణి మొగుడి నోటి దగ్గర్నించి గడప వరకూ చేతులు చాపి కొలుస్తుంది. రెండు బారలు. మళ్ళీ కొలుస్తుంది. రెండు బారలే.

"నీ ఊపిరి పొట్టిగైంది," అంటుంది.

"అర్ర చిన్నగున్నది గదనే," అంటాడు సాయిలు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "చిన్న అర్రల పొడుగు ఊపిరి ఏం జేసుకుంటం?"

సాయిలు ట్రాఫిక్ హోంగార్డు. పద్ధెనిమిదేళ్ళుగా హైదరాబాద్‌లో ఒకే కూడలిలో నిలబడి చెయ్యి ఎత్తుతున్నాడు, దించుతున్నాడు. ముక్కుకి దస్తీ కట్టుకుంటాడు. డ్యూటీ దిగాక బెల్లం ముక్క నోట్లో వేసుకుంటాడు. మింగిన దుమ్మంతా దాంతో కిందికి జారిపోతుందని అతని నమ్మకం. రైల్వే గేటు బస్తీలో వాళ్ళ అర్ర ముందే బాలమణి ఇస్త్రీ బండి. సాయిలు దస్తీని పిండితే వచ్చే నీళ్ళని ఆమె ఓ సీసాలో పట్టి పెట్టుకుంటుంది. గిరాకీల బట్టల మీద గుర్తులు వేయడానికి అంత మంచి సిరా ఎక్కడా దొరకదు. ఎన్ని ఉతుకులకీ పోదు.

మంగళవారం ఆమె అతన్ని దవాఖానాకి తీసుకెళ్తుంది. డాక్టరమ్మ దర్జీల టేపు తీసి, ఒక కొన సాయిలు పెదాల దగ్గర పట్టుకుని రెండో కొన గాల్లో వదులుతుంది. ఊపిరి టేపుని కొంత దూరం మోసి, కింద పడేస్తుంది.

"బారెడే ఉంది," అంటుంది డాక్టరమ్మ.

"గోలీలు రాయుండ్రి అమ్మా."

"గోలీలు ఉన్న ఊపిరిని శుభ్రం చేస్తాయి. పొడుగు చెయ్యవు. గాలి మారాలి. మీ వీధిలో గాలి ఎలా ఉంటుంది?"

"మా దిక్కు మంచిగనే ఉంటది," అంటుంది బాలమణి వెంటనే. "పొగంత ఫ్లైఓవర్ అవతల్నే."

డాక్టరమ్మ టేపు చుడుతుంది. "ఈ వారం నా దగ్గరికొచ్చిన వాళ్ళందరి వీధుల్లోనూ గాలి బాగుంది," అంటుంది. "దగ్గే ఎవరికీ ఆగడం లేదు."

సాయిలు కూడలి ఫ్లైఓవర్ అవతలే. పోయిన ఊపిరి అక్కడే ఎక్కడో పడిపోయి ఉంటుందని బాలమణికి తోస్తుంది. బుధవారం ఓ బట్ట సంచీ పట్టుకుని, ఏరుకొద్దామని బయలుదేరుతుంది. ఆమె నడుస్తున్న కొద్దీ ఫ్లైఓవర్ కొత్త స్తంభాలు దించుకుంటూ పొడుగవుతుంది. దిగేసరికి మధ్యాహ్నం దాటుతుంది.

అవతలి వీధిలో ఒకామె కుండీల్లో మొక్కల ఆకుల్ని తడిగుడ్డతో ఒక్కొక్కటే తుడుస్తోంది. గుడ్డ తారులా ఉంది.

"అక్కా, ఈడ పొగ శానుంటదట గదా?" అని అడుగుతుంది బాలమణి.

ఆమె నవ్వుతుంది. "ఎవలు చెప్పిన్రు? మాకేం రందిలేదు. అగో, ఆ రైల్వే గేటు కాడ జూడు. ఆడ మనుషులెట్ల బతుకుతున్నరో, పాపం."

బాలమణి వెనక్కి తిరిగి చూస్తుంది. ఆమె బస్తీ ఉండాల్సిన చోట నల్లటి గోడ ఒకటి ఆకాశం దాకా నిలబడి ఉంది. అందులో ఇళ్ళు లేవు. ఎవరో దగ్గుతుంటే ఆ గోడ సన్నగా అదురుతోంది. ఆ దగ్గు ఎవరిదో ఆమె గుర్తుపడుతుంది.

పరుగున ఫ్లైఓవర్ ఎక్కుతుంది. సగం దూరం వచ్చాక ముందు నల్లగా ఉంది, వెనకా నల్లగా ఉంది. ఆమె నిలబడ్డ చోట మాత్రం చాటంత జాగా తేటగా ఉంది. అడుగు వేస్తే ఆ జాగా కూడా అడుగు వేస్తుంది. బస్తీలోకి వచ్చేసరికి కుళాయి, గుమ్మాలు, బండి, అన్నీ ఎప్పటిలా కనిపిస్తాయి. సంచీ ఖాళీగానే ఉంది.

"యాడికి పోయినవ్?" అంటాడు సాయిలు. అంత చిన్న మాటకి రెండుసార్లు ఆగుతాడు. మూరెడు ఊపిరిలో రెండు మాటలు పట్టవు.

గురువారం ఆమె గాలి ఆఫీసుకు వెళ్తుంది. గుమాస్తా లావుపాటి రిజిస్టరు తెరిచి, వేలు పెట్టి చూపిస్తాడు. రైల్వే గేటు బస్తీ. నాలుగు వందల పది ఇళ్ళు. ప్రతి ఇంటికీ ఎదురుగా 'గాలి బాగుంది' అని రాసి ఉంది. పక్కన సంతకాలు. అందులో బాలమణి సంతకం గుండ్రంగా, జాగ్రత్తగా ఉంది.

ఆమెకు గుర్తొస్తుంది. పోయినేడు ఓ పిల్ల కాగితాలు పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. ఎండలో వచ్చిందని బాలమణి మంచినీళ్ళిచ్చింది. గాలి ఎట్లుందని అడిగితే బాగుందంది. ఇంటికొచ్చిన మనిషి ముందు ఇంటిని తక్కువ చేసుకోవడం ఆమెకు చేతకాలేదు.

"మీరు ఏ గాలి బాగుందని రాసిచ్చిన్రో అదే పంపుతున్నం," అంటాడు గుమాస్తా.

"తప్పు జెప్పిన సారూ. కొట్టెయ్యుండ్రి."

"ఒక్కలు కొట్టేస్తే ఎట్ల? గాలి అందరిది. నాలుగు వందల పది మంది ఒక్కపారి చూడాలె. చూసినమని చెప్పాలె."

ఆ సాయంత్రం బాలమణి గడప గడపా ఎక్కుతుంది. టిఫిన్ బండి గౌరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "చెల్లే, ఈడ గాలి బాగలేదంటే నా దోసె ఎవలు తింటరు?" అంటుంది. గౌరమ్మ కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి. "ఉల్లిగడ్డలు," అంటుంది. ఆమె చేతిలో ఉల్లిగడ్డల్లేవు.

రిటైరైన లెక్కల మాస్టారు కుటుంబరావు కిటికీ సగమే తెరుస్తాడు. "చలి గాలమ్మా ఇది. నాలుగు రోజుల్లో అదే సర్దుకుంటుంది. నలభయ్యేళ్ళుగా పీలుస్తున్నాను, నాకేమైంది చెప్పు?" ఆయన ఊపిరి చొక్కా జేబు కూడా దాటడం లేదు. కొలిచి చెబుదామనుకుంటుంది. చెయ్యి రాదు.

మూడో ఇంట్లో, "ముందుగాల నీ ఇస్త్రీ పెట్టె బొగ్గులు ఆర్పుకో," అని తలుపేసుకుంటారు.

ఆ మాటా నిజమే. బాలమణి బిందెడు నీళ్ళు తెచ్చి, పదకొండేళ్ళుగా రాజుకుంటున్న బొగ్గుల మీద పోస్తుంది. మర్నాడు బస్తీ అంతా నలిగిన బట్టల్లో పనులకి పోతుంది. గాలిలో తేడా ఏమీ రాదు. సాయిలు ఊపిరి జానెడు.

"ఇయ్యాల పోకు," అంటుంది.

"నేను బోకుంటే బండ్లన్ని యాడికి పోతయే?" అని, తోవలో నాలుగుసార్లు కూర్చుంటూ వెళ్తాడు.

పదకొండింటికి ఆటోలో తెచ్చి దింపుతారు. ఊపిరి బెత్తెడు. బాలమణి వాకిట్లోనే అతని తల ఒళ్ళో పెట్టుకుని, ముఖం మీదికి వంగి, తన ఊపిరి అతని నోట్లోకి వదులుతుంది. అది లోపలికి పోదు. లోపల జాగా లేదు.

"బాలా, దగ్గరికి రా," అంటాడు.

"నీ మీదనే ఉన్న గదయ్యా."

"కనిపిస్తలేవు. నువ్వున్న కాడ అంత నల్లగుంది." చేత్తో ఆమె ముఖం తడిమి, "నేను మంచిగనే ఉన్ననా?" అని అడుగుతాడు.

బాలమణికి అతని నుదురు కనిపించడం లేదు, కళ్ళు కనిపించడం లేదు. నల్లటి పొగలోంచి మాట ఒక్కటే వస్తోంది. "మంచిగనే ఉన్నవ్," అంటుంది. ఆ మాటకి సాయిలు ఊపిరి పెదాల లోపలే ఆగిపోతుంది.

అతని నోరు తెరుచుకుంటుంది. ముందు ఓ మోపెడ్ వస్తుంది, చీమంత. నేల మీద పడగానే మామూలు మోపెడ్ అవుతుంది. తర్వాత ఆటోలు, స్కూలు బస్సులు, సిమెంటు లారీలు, పెళ్ళి కార్లు. పద్ధెనిమిదేళ్ళుగా అతను చెయ్యి ఊపి పంపించిన బండ్లన్నీ పట్టపగలు దీపాలు వేసుకుని వరసగా బయటికి వచ్చి వీధి నిండా నిలబడతాయి. ఒక్కటీ హారన్ కొట్టదు. గౌరమ్మ, మాస్టారు, అందరూ గుమ్మాల్లోకి వచ్చి, తోవకి అడ్డం లేకుండా పక్కకి జరుగుతారు.

అన్నిటికన్నా వెనక ఓ సైకిల్ వస్తుంది. క్యారియర్ మీద రేకు పెట్టె. తొక్కుతున్నది పాతికేళ్ళ సాయిలు. అప్పుడే ఊరి నుంచి దిగినట్టున్నాడు, చెప్పులకి ఎర్రమట్టి ఆరలేదు. అతను బాలమణిని గుర్తుపట్టడు.

"అక్కా, ఈ బస్తీల అర్ర కిరాయికి దొరుకుతదా?"

బాలమణి ఒళ్ళో తలని పట్టుకునే మోకాళ్ళ మీద లేస్తుంది. "ఈడ గాలి మంచిగ లేదు బిడ్డా," అని అరుస్తుంది. బస్తీలో ఆ మాట ఎవరైనా అందరికీ వినబడేలా అనడం ఇదే మొదలు. "వాపస్ పో. ఈడ ఉంటె సచ్చిపోతవ్."

కుర్రవాడు చుట్టూ చూస్తాడు. కుళాయి, గుమ్మాలు, ఎండ. ఎంత చూసినా అతనికి వంక కనబడదు.

"మంచిగనే ఉన్నది గదా," అని నవ్వి, సైకిల్‌కి స్టాండు వేసి, గుండెల నిండా గాలి పీల్చుకుంటాడు. అందరికన్నా ముందున్న మోపెడ్ ముందు చక్రం మెల్లగా నేల వదిలి, అతని నోటి వైపు తిరుగుతుంది.