టీ గ్లాసు నీడ

హంద్రీ గట్టు మీద పార్కు పని పొద్దున ఆరుకే మొదలయ్యేది. ఆరంటే ఆరే. కర్నూలు ఎండ సంగతి మీకు తెలియంది కాదు గదా, మాఘమాసంలోనే మాడు పగలగొడుతుంది. అందుకే కోసిగి నుంచి పనికొచ్చిన నాగక్క తెల్లారకముందే సంగటి కెలికి, మూట కట్టి, కూతురు మహాదేవికి రెండు జడలేసి, గట్టెక్కేసేది. మొగుడు చిన్న ఈరన్న ఇసుకా సిమెంటూ కలిపి అందిస్తే, ఆమె దారం పట్టుకుని నడకదారిలో ఎర్ర టైల్సు పరిచేది. ఆమె పరిచిన వరస మీద గోలీ పెడితే పక్కకు దొర్లదు. అంత చక్కటి చెయ్యి.

దారి సగం కూడా కాకముందే ఊరి జనం చాపలు చంకన పెట్టుకుని పార్కులోకి రావడం మొదలుపెట్టారు. చెట్లింకా నాటలేదు, నీడలు మాత్రం వచ్చేశాయి. పార్కుల ఆఫీసులో ప్లాన్లు గీసే ఉమామహేశ్ అనే కుర్రోడు ప్లాను కాగితం మీద గాజు పెట్టి, చుట్టూ గీత గీసి, పక్కన 'వేప' అని రాశాడంటే, మధ్యాహ్నానికల్లా గట్టు మీద అదే జాగాలో వేప నీడ పడి ఉండేది. ఆ నీడ నడిమధ్యలో వేపమొక్క నాటితే నీడ దాన్ని పట్టుకునేది, మొక్క బతికిపోయేది. అట్లా కాదని కానుగ మొక్క నాటారో, నీడ నాలుగడుగులు పక్కకు జరిగి పడుకునేది, మొక్క వాడిపోయేది. ఏ పార్కులోనైనా జరిగేది అదే.

పాపం ఉమామహేశ్‌కు రోడ్డు మీద నడిచే యోగం లేకుండా పోయింది. ఇస్త్రీ బండాయన ఎదురొచ్చి, "అప్పా, నా బండి కాడ రోంత నీడ గీయప్పా, నీ చొక్కాలు ఊరికే రుద్దిస్తా" అనేవాడు.

"ప్లానులో నీ బండి లేదు పెద్దప్పా, మా సారు తిడతాడు" అని ఉమామహేశ్ తల దించుకుని జారుకునేవాడు.

అందరూ సంతోషంగానే ఉన్నారు. నాగక్కకే, ఒక్కో టైలు పరిచేకొద్దీ గుండెలో ఒక్కో రాయి పడుతున్నట్టుండేది. దారి శివరాత్రి ముందర అయిపోతుంది. అయిపోతే ఇంక సుగ్గే. సుగ్గంటే ఏదో పండగ మాదిరి వినపడుతుంది గానీ, గుంటూరు దిక్కుకు పోయి, మిరప తోటల్లో వేళ్లు మండేదాకా కాయలు కోసి, కల్లాల పక్కన గుడారాల్లో పడుకోవడం. కూలోళ్లను లారీలో తోలుకుపోయే మేస్త్రీ అప్పుడే పేర్లు రాసుకుని పోయాడు. మహాదేవి గట్టు కింది బడిలో ఏడో తరగతి. పోయినేడు నాలుగు నెలలు సుగ్గిలో పోగా, తిరిగొచ్చేసరికి బడిలో ఎవరేం చెప్పేదీ ఆ పిల్లకు తెలియలేదు. వెనక బెంచీలో తల వంచుకుని కూర్చునేదంట.

"నేను రానుమా ఈసారి" అందొక పొద్దున జడ వేయించుకుంటూ.

"నిన్ను ఒక్కదాన్నే యాడ ఇడిసిపెట్టేది పాపా?" అంది నాగక్క. రిబ్బను శానా గట్టిగా బిగించేసింది.

ఇంతలో టీ గ్లాసు గొడవ వచ్చిపడింది. ఒకరోజు ఉమామహేశ్ టీ తాగుతూ తాగుతూ, ఫోను మోగితే, తడి గ్లాసును ప్లాను మీదే పెట్టేశాడు. గ్లాసు ఎత్తేసరికి కాగితం మీద గుండ్రటి మరక. మధ్యాహ్నానికి నడకదారి మలుపులో, ఏ చెట్టూ అనుకోని చోట, ఇంత నీడ! పెండ్లి పందిరంత నీడ! అరగంటలో జనమంతా అందులోనే చేరారు. ముసలమ్మలు బియ్యం చేటలు తెచ్చుకున్నారు. నడిచేవాడు ఒక్కడూ లేడు, అందరూ కూర్చునేవాళ్లే.

పార్కుల పెద్దసారు వెంకటేశ్వర్లు వచ్చి చూశాడు. నీడ బాగానే ఉందిగానీ, పక్కన పేరు లేదాయె. ఏ చెట్టని నాటేది?

వేప నాటారు. నీడ పక్కకు జరిగింది. కానుగ నాటారు, ఇంకోపక్కకు జరిగింది. మర్రి తెచ్చారు, అదీ కాదు. వెంకటేశ్వర్లు గడ్డం గోక్కుని, "టీ మరక గదప్పా ఇది? అయితే టీ మొక్కే అయ్యుండాల" అన్నాడు. ఆయన అన్నాక ఎవరు కాదంటారు? ఊటీ నుంచి బస్సులో టీ మొక్క దిగింది. కర్నూలు ఎండ చూసి పన్నెండుకల్లా దండం పెట్టేసింది. నీడ దాని మొహం కూడా చూడలేదు.

"శనివారం దాకా చూస్తా. అప్పటికీ తేలకుంటే ఆ కాగితమే చించేసి కొత్తది గీయిస్తా" అని వెంకటేశ్వర్లు కోపంగా అన్నాడు. ఉమామహేశ్ మొహం పాలిపోయింది. ఆ కాగితం చించితే మిగతా నీడలన్నీ పోతాయి మరి.

రెండు గజాల దూరంలో మోకాళ్ల మీద కూర్చుని టైలు తడుతున్న నాగక్కకు ఒళ్లు మండింది. ఇన్ని రోజులుగా ఈ తమాషా చూసీ చూసీ ఆమెకు ఓపిక అయిపోయింది.

"సార్, అది నిద్రగన్నేరు నీడ సార్" అంది, తల ఎత్తకుండానే.

"నీకెట్ల తెలుసమ్మా?"

"మీరు నాలుగ్గంటలకే ఇంటికి ఎల్లిపోతారు గదా సార్. మేం ఈడనే ఉంటాం. అయిదున్నర అయ్యేసరికి ఈ నీడ పలచబడతాది. లోపలికంతా వెలుతురు వచ్చేస్తాది. మొన్న మబ్బు పట్టినప్పుడు గూడా అట్లనే ముడుచుకునె. ఆకులు ముడుచుకునే చెట్టు సార్ ఇది. మిరప కల్లం పక్కన వరసగా ఇవే చెట్లు. ఏడేండ్లుగా వాటి కిందనే పండుకుంటాండాం, నాకు తెల్దా?"

ఆ రోజు వెంకటేశ్వర్లు నాలుగ్గంటలకు ఇంటికి పోలేదు. అయిదున్నరకు, ఆయన బట్టతల మీద ఎండ పొడ చుక్కలు చుక్కలుగా పడుతుంటే, "అవునే" అనుకుంటూ జేబురుమాలు కప్పుకున్నాడు. మర్నాడు నిద్రగన్నేరు మొక్క వచ్చింది. జానెడు మొక్క. గుంతలో నిలబెట్టగానే ఆ పెద్ద నీడ మెల్లగా జరిగి వచ్చి, దాని చుట్టూ సర్దుకుని కూర్చుంది. ముసలమ్మలు చప్పట్లు కొట్టారు.

ఉమామహేశ్ ఆనందం పట్టలేక నాగక్క చేతికి టీ ఇచ్చాడు. "కాపాడినావక్కా. ఇంకో నలభై మొక్కలు నాటేవి ఉండాయి, దగ్గరుండి చూసుకుందువు."

"నేను యాడుంటానప్పా? సోమవారం లారీ. గుంటూరు పోతాండాం" అంది నాగక్క. నవ్వుతూ చెబుదామనుకుంది గానీ, మహాదేవి సంగతీ, బడి సంగతీ అంతా చెప్పేసి, కొంగుతో కండ్లు తుడుచుకుంది.

ఉమామహేశ్ ఆఫీసుకు పోయి, పార్కుకు మాలి ఉద్యోగం ఒకటి కావాలని సారును అడిగాడు. "ప్లానులో మాలి యాడుండాడప్పా?" అన్నాడు వెంకటేశ్వర్లు. ప్లానులో లేనిది ఆయన లెక్కలో లేనట్టే. ఉమామహేశ్ తిరిగొచ్చి పెన్సిలు చెక్కుకున్నాడు. నిద్రగన్నేరు పక్కన, ఎండ పడే జాగాలో, చీమంత మనిషి బొమ్మ ఒకటి గీశాడు. కాసేపు ఆలోచించి, దాని పక్కన మరీ చిన్నది ఇంకోటి గీశాడు. పేర్లు రాయలేదు.

సోమవారం పొద్దునకు ఆ జాగాలో ఇద్దరు మనుషుల నీడలు పడి ఉన్నాయి. వెంకటేశ్వర్లు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. నీడ పడ్డాక దాని కింద మనిషిని పెట్టక తప్పదు, ఆ మాత్రం ఆయనకూ తెలుసు. ముందు తన బామ్మర్ది గోపీనాథ్‌ను పిలిపించాడు, ఎవరైనా చేసే పనే గదా. గోపీనాథ్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి పెద్ద నీడలో కాలు పెట్టాడు. నీడ జరిగింది. ఆయన దాని వెంటపడ్డాడు. అది మలుపు తిరిగి, బెంచీ చుట్టూ తిప్పి, ఆయన్ను ఆయాసపెట్టి, మళ్లీ తన చోటికే వచ్చి పడుకుంది.

"వద్దులే బావా, దానికి నేను నచ్చలే" అన్నాడు గోపీనాథ్ రొప్పుతూ.

అప్పుడే నాగక్క వాళ్లు మూటలతో వచ్చారు. లారీ గట్టు కిందికే వస్తుంది, పోతూ పోతూ మొక్కను ఒకసారి చూసిపోదామని నాగక్క పైకెక్కింది. ఆమె ఇంకా అల్లంత దూరాన ఉండగానే పెద్ద నీడ లేచి, ఎదురుపోయి, కాళ్ల దగ్గర అతుక్కుంది. ముడేసిన కొప్పూ, నడుముకు దోపిన కొంగూ, అచ్చం ఆమే. నాగక్క అటు జరిగితే అటు, ఇటు జరిగితే ఇటు వచ్చింది. వెంకటేశ్వర్లు కాసేపు చూసి, నిట్టూర్చి, "రాసుకోప్పా. మాలి. పేరు?" అన్నాడు.

"నాగక్క సార్" అని ఉమామహేశే గబగబా చెప్పేశాడు.

ఈరన్న మూట కింద పెట్టేసి, బెంచీ మీద కూర్చుని, తలపాగా తీసి మొహమంతా తుడుచుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఆయనకే తెలియలేదు.

"మరి ఈ రెండోది ఎవరిదప్పా?" అన్నాడు వెంకటేశ్వర్లు. చిన్న నీడ ఇంకా అట్లనే ఉంది. రెండు జడలు, వీపు మీద ఒక ఉబ్బు. మహాదేవి వంగి దాన్ని చూసింది. చూసి, మూటల్లో పెద్దదాన్ని విప్పి, చెంబులూ దుప్పట్లూ అవతల పారేసి, అడుగున దాచిన బడి సంచి బయటికి లాగి, వీపుకు తగిలించుకుంది.

కింద లారీ హారన్ కొట్టింది, మేస్త్రీ పేర్లు అరుస్తున్నాడు.

"తొమ్మిదికి బెల్లు కొడతారుమా, నేను పోతాండా!" అని మహాదేవి అమ్మ పరిచిన టైల్స్ మీద బడి దిక్కుకు పరుగెత్తింది, నీడ ఆమె వెంట పరుగెత్తింది.