పేరు రాసిన బిస్కెట్టు

డిసెంబరు రెండో వారం వచ్చిందంటే చీపురుపల్లి రైలుస్టేషను వెనక వీధిలో లీలారాణి ఇంట పొయ్యి మీంచి కుక్కరు దిగదు. అడుగున ఇసక పోసి, రబ్బరూ విజిలూ తీసేసి, దాన్నే బట్టీ చేసుకుంటుంది. మైదాలో వెన్న, పంచదార పొడి, ఏలకులు కలిపి చపాతీలా ఒత్తి, పాలడబ్బా రేకుతో చేయించుకున్న అచ్చులతో నక్షత్రాలు, గంటలు, చేపలు కోస్తుంది. చల్లారాక కోడలు దీవెన పాల కవరు మూల కత్తిరించి, అందులో పంచదార ముద్ద నింపి, ఒక్కోదాని మీద ఒక్కో పేరు రాస్తుంది. నలభై పేర్లు. చర్చివాళ్ళవి సగం, వీధిలో మిగతావాళ్ళవి సగం.

పేరు ఆరేసరికి ఆ బిస్కెట్టు ఆ మనిషి మనసంత బరువు తూగుతుంది. చాలావాటిని పళ్ళెంలో పెట్టుకుని మామూలుగానే పంచేస్తారు. బరువైనది వస్తే మాత్రం ఆ మనిషిని పిలిచి, మంచినీళ్ళిచ్చి కూర్చోబెడతారు. సంగతి నోటితో చెబితేనే అది విరుగుతుంది. విన్నవాళ్ళంతా తలో ముక్కా తినాలి. తుఫానుకి వరి పనలు మునిగిన ఏడాది పక్కింటి నరసింగరావు పేరు రాసిన చేప బిస్కెట్టును ఎత్తడానికి ఇద్దరు పట్టారు, తినడానికి పదకొండు మంది. కష్టం పోయింది గానీ ఆ తర్వాత ఏ ఏటి బిస్కెట్టుకీ ఆ రుచి మళ్ళీ రాలేదని ఆయన ఇప్పటికీ దెప్పుతుంటాడు.

ఈ ఏడు పిండి కూడా దీవెనే ఒత్తింది. ఆగస్టులో స్నానాల గదిలో జారిపడ్డ లీలారాణికి కుడి మణికట్టు సరిగ్గా అతకలేదు.

నవంబరులో దీవెనకు బొబ్బిలిలో ఒక ఆసుపత్రి నుంచి నర్సు ఉద్యోగానికి పిలుపొచ్చింది. డిసెంబరు ఇరవై ఏడో తారీకులోగా చేరాలి. రాత్రి డ్యూటీలు కాబట్టి అక్కడే ఉండాలి. "నాకిష్టం నేదు" అని నవ్వేసి కాగితం బీరువాలో పడేసింది. మొగుడు బెన్హర్ సరేనన్నాడు. లీలారాణి పైకి "నీ ఇష్టమే" అంది గానీ లోపల హమ్మయ్య అనుకుంది.

ఓ మధ్యాహ్నం దీవెన బట్టలారేయడానికి డాబా ఎక్కింది. పీట మీది పళ్ళెంలో పేరులేని నక్షత్రం ఒకటి మిగిలింది. అప్పుడు తట్టింది లీలారాణికి, పెళ్ళయి వచ్చిన మూడేళ్ళలో ఈ పిల్ల తన పేరు ఒక్కసారీ రాసుకోలేదని. ఏటా ఉత్త బిస్కెట్టు నోట్లో వేసుకుని లేచిపోయేది. మర్చిపోతోంది కాబోలు, పిచ్చిపిల్ల, అనుకుని ఎడం చేత్తో వంకరటింకరగా తానే రాసింది.

పావుగంటకి పీట ఫెళ్ళుమని రెండు ముక్కలైంది.

ఆ చప్పుడుకి దీవెన కిందికి పరుగెత్తుకొచ్చింది. నరసింగరావూ వచ్చాడు. వంగి, రెండు చేతులా పట్టి, ఎత్తలేక నడుం పట్టుకున్నాడు.

"ఓలమ్మో! దీని ముందు నా సేప పూసికపుల్లే!"

"ఇసక కలిసిపోనాదేమో అత్తా. పారేద్దాం" అంది దీవెన.

"పారెయ్యి, ఎత్తు మరి" అంది లీలారాణి. దీవెన కదల్లేదు. "కూకో. ఏటున్నాదో సెప్పు."

"ఏటీ నేదత్తా."

నక్షత్రం గచ్చులోకి అంగుళం దిగింది. నరసింగరావు ఇద్దరి ముఖాలూ చూసి, గేదెకి నీళ్ళు పెట్టాలని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

దీవెన కూలబడింది. "నాకు ఎల్లాలనుందత్తా. మా అమ్మ కూలికెల్లి నన్ను నర్సు సదివించినాది. ఒక్క నెలైనా వార్డులో నడవాలనుంది. నాను ఎల్లిపోతే నీకు జడెవలేస్తారు? నీ సేతితో నువ్వు ఏసుకోనేవు కదా!" అని ఏడ్చేసింది.

"నువ్వు అబద్ధమాడతన్నావని నాకు ఆయేళే తెల్సు. తెల్సే ఊరుకున్నాను" అంది లీలారాణి. ఆ మాట అనడానికి ఆమెకు చచ్చేంత సిగ్గేసింది.

నక్షత్రం పుటుక్కున విరిగింది. విన్నది ఒక్కర్తే గనక ఒక్కర్తే తింది. రాళ్ళు నమిలినట్టు దవడలు లాగేశాయి. గోడ పట్టుకుంటే గానీ లేవలేకపోయింది. దీవెన మాత్రం ఆ సాయంత్రం డాబా మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది, తనకే తెలియకుండా.

అయినా క్రిస్మస్ పండగ మర్నాడు పొద్దున్న పెట్టె సర్దుకున్నాక దీవెనకు మళ్ళీ గుమ్మం దాటబుద్ధి కాలేదు. బస్సు దగ్గర దింపడానికి బయట బెన్హర్ బండి హారన్ కొడుతున్నాడు. దీవెన దువ్వెన పట్టుకుని అత్త వెనక నిలబడింది.

"ఈ పూటకి జడేసి ఎల్తాను. రేపటి సంగతేటో ఆలోచిద్దామత్తా."

లీలారాణి తలమీది ముసుగు తీసింది. జుట్టు మెడ దాకా, ఎగుడుదిగుడుగా కత్తిరించి ఉంది. ఎడం చేత్తో ఏ తెల్లారగట్ల చేసుకుందో ఆ పని.

"ఏటేస్తావే ఇంక జడ?" అంది. "బస్సెల్లిపోద్ది. ఎల్లు."