ముందు తాళం, తర్వాత మనిషి

చెయ్యి విరిగాక అమ్మ మళ్ళీ పనిలోకి వెళ్ళిన మొదటి రోజు, నేనూ వెంట వెళ్ళాను. కట్టు ఇంకా విప్పలేదు. సెలవు అయిపోయింది. సంచీ మొయ్యడానికైనా ఎవరో ఒకరు ఉండాలని అమ్మమ్మ నన్ను తోలింది.

బయల్దేరేముందు అమ్మకి తల దువ్వింది నేనే. అమ్మ జడ వేయించుకోదు. బిగించి ముడి వేయాలి, పట్టుకోవడానికి ఒక్క వెంట్రుక కూడా వదులుగా ఉండకూడదు. మెడలో గొలుసు తీసేసింది, చెవులవి కూడా తీసేసింది.

"ఉద్యోగానికి వెళ్తున్నావా, కుస్తీకి వెళ్తున్నావా?" అంది అమ్మమ్మ.

"రెండూ ఒకటే అమ్మా" అని నవ్వింది అమ్మ. నాకు నవ్వు రాలేదు.

అమ్మ మానసిక రోగుల ఆసుపత్రిలో ఆయా. ఆడవాళ్ళ వార్డులో పెద్ద హాలు నిండా మంచాలు, అక్కడి రోగులందరికీ పగలంతా అమ్మ ఒక్కతే. పోయిన నెల వాళ్ళలో పొడుగమ్మ అనే ఆమెని మంచానికి కట్టబోతే ఆమె అమ్మని తోసేసింది. గోడకి కొట్టుకుని అమ్మ మణికట్టు విరిగింది. పొడుగమ్మకి వేరే పేరు ఉండే ఉంటుంది. గుమ్మంలోంచి వంగి రావాల్సినంత ఎత్తు కాబట్టి అందరికీ ఆమె పొడుగమ్మే.

ఆ రోజు అమ్మ అరుపు విని మనుషులు వచ్చేసరికి చాలా ఆలస్యమైంది. లోపల ఏ గొడవ వినిపించినా కాపలా మనిషి ముందు తలుపుకి తాళం వేయాలి, తర్వాత ఆఫీసుకి పరుగెత్తి మగవాళ్ళని పిలుచుకురావాలి. అక్కడ పనిచేసే వాళ్ళందరికీ ఇది కంఠతా వచ్చిన పాఠం: ముందు తాళం, తర్వాత మనిషి. లోపల ఉన్న ఆయా సంగతి ఆ పాఠంలో లేదు.

ఆ తర్వాత కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చింది. రోగుల్ని కట్టొద్దంది, పగలు తాళం వెయ్యొద్దంది, ప్రతి వార్డుకీ ఇద్దరు ఆయాలు ఉండాలంది. పెద్ద డాక్టరు మొదటి రెండూ ఒప్పుకున్నాడు, గొడవైతే మాత్రం తాళం వేయాల్సిందేనన్నాడు. మూడోది వచ్చే ఏడు చూద్దామన్నాడు. ఒక్కరికి దెబ్బ తగిలినా మళ్ళీ కట్లేనని కూడా అన్నాడు.

అంటే ఇప్పుడు పొడుగమ్మకి కట్లు లేవు, అమ్మకి కుడిచెయ్యి లేదు. దారి పొడవునా నా బుర్రలో ఇదొక్కటే తిరిగింది.

"ఆమె మళ్ళీ తోస్తే?" అన్నాను గేటు దగ్గర.

"కట్టబోతే తోసిందే. ఊరికే ఎందుకు తోస్తుంది? నిన్ను కడితే నువ్వు ఊరుకుంటావా?"

అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. నేను తలుపు బయట బల్ల మీద కూర్చున్నాను. కాపలా ఆయన్ని అమ్మ అన్నయ్యా అంటుంది కాబట్టి నాకు మావయ్య. తాళం, తాళంచెవి రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు.

"ఏమే, నోరు ఇంట్లో పెట్టి వచ్చావా? పలకవేం?"

నేను తల దించుకున్నాను. కొత్తవాళ్ళతో నాకు మాట రాదు.

"నా ముందు పనిచేసినవాడు ఒకసారి తాళం మర్చిపోయాడు. ఒకామె బయటికి వెళ్ళిపోయింది. సాయంత్రానికల్లా వాడూ వెళ్ళిపోయాడు" అన్నాడు నవ్వుతూ. కానీ చేత్తో తాళాన్ని గట్టిగా పట్టుకునే ఉన్నాడు.

తెరిచిన తలుపులోంచి హాలు కనిపిస్తోంది. ఒకామె దుప్పటి మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెడుతోంది. కిటికీ దగ్గర పొడుగమ్మ నిలబడి నావైపే చూస్తోంది. నేను చూపు తిప్పుకున్నాను. మళ్ళీ చూస్తే ఇంకా చూస్తూనే ఉంది.

భోజనాలయ్యాక అమ్మ కొందరిని స్నానాలగది వైపు తీసుకెళ్ళింది. కాసేపటికి బకెట్టు బోర్లా పడ్డ చప్పుడు, వెంటనే పెద్ద కేక వినిపించాయి. అమ్మది కాదు. పొడుగమ్మది.

నేను లేచేలోపే మావయ్య తలుపు లాగేశాడు. తాళం పడింది. ఆ చప్పుడుకి లోపల అందరూ ఒక్కసారి ఏడుపు లంకించుకున్నారు. అంతమంది ఆడవాళ్ళు కలిసి ఏడవడం నేనెప్పుడూ వినలేదు. ఆ ఏడుపులోంచి అమ్మ గొంతు వచ్చింది.

"అన్నయ్యా! తలుపు తియ్యి! ఒక్క మనిషిని పంపించు!"

"తియ్యి మావయ్యా" అన్నాను. నా మాట నాకే వినపడలేదు.

"అమ్మో, తియ్యను. లోపల ఎవరైనా మెడ పట్టుకుని మీ అమ్మ చేత ఆ మాట అనిపిస్తున్నారేమో ఎవరికి తెలుసు? నేను ఆఫీసుకెళ్ళి మనుషుల్ని తెస్తా. నువ్విక్కడే ఉండు."

తాళంచెవి జేబులో వేసుకుని కదిలాడు. ఆయన వెళ్ళిపోతే ఆ తలుపు తీసేవాళ్ళే లేరు. ఎప్పుడు పట్టుకున్నానో తెలీదు, ఆయన చొక్కా నా గుప్పెట్లో ఉంది.

"నన్ను లోపలికి పంపి తాళం వేసుకో."

"నీకు పిచ్చా..." అని నాలుక కరుచుకున్నాడు. "నీకేమైనా అయితే మీ అమ్మకి ఏం చెప్పను?"

"అమ్మ లోపలే ఉందిగా. నేనే చెప్పుకుంటా. నీ తాళం నువ్వు వేసుకో."

ఆయన నా మొహం చూశాడు, తలుపు చూశాడు. మనిషి పట్టేంత సందు తీసి నన్ను లోపలికి నెట్టాడు. వెనకాల తాళం పడింది. అప్పుడు తెలిసింది నేనేం అడిగానో.

ఎవరో నా చున్నీ పట్టుకుని "వచ్చావా తల్లీ, ఇంటికెళ్దామా?" అన్నారు. ఇంకెవరో నా చెంప తడిమారు. నేను ఏడుస్తూనే నడిచాను. నడిచానో, వాళ్ళే తోశారో చెప్పలేను.

స్నానాలగదిలో నేలంతా నీళ్ళు. గోడకీ నీళ్ళతొట్టికీ మధ్య ఇరుకులో ఒక ముసలామె ఇరుక్కుపోయి కొట్టుకుంటోంది. మూర్ఛ. మొహం నీళ్ళు పారే తూము వైపు ఉంది. అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, మంచి చేత్తో ఆమె తల పైకెత్తి పట్టుకుంది. పొడుగమ్మ మూలకి ఒదిగి, రెండు చెవులూ మూసుకుని వణుకుతోంది. ఆమె మోచేయి చీరుకుని రక్తం కారుతోంది.

"నువ్వెందుకొచ్చావే!" అని అరిచింది అమ్మ. మరుక్షణమే గొంతు తగ్గించి, "ఈమెని ఇవతలికి లాగి పక్కకి తిప్పాలి. నా ఒంటిచేత్తో కావట్లేదు. పొడుగమ్మ పట్టింది, తాళం పడగానే వదిలేసింది. ఇద్దరూ పట్టండి."

నేను వెళ్ళి ముసలామె భుజాలు పట్టుకుని లాగాను. కదల్లేదు. అమ్మ చెయ్యి సడలిపోతోంది. ముసలామె ముక్కు నీళ్ళకి తగులుతోంది.

పొడుగమ్మ వైపు తిరిగాను. అంత దగ్గరగా చూస్తే ఆమె ఇంకా ఎత్తుగా ఉంది.

"పెద్దమ్మా, కాస్త పట్టవా?"

"తాళం వేశారు" అంది. "ఇప్పుడొస్తారు. కడతారు."

కట్టరని చెప్పడానికి నాకేం తెలుసు?

"నాకూ వేశారు పెద్దమ్మా. నేనూ లోపలే ఉన్నాను."

ఆమె చెవుల మీంచి చేతులు తీసింది. నన్ను కింద నుంచి పైదాకా చూసింది. తర్వాత వంగి, ముసలామె చంకల కింద చేతులు వేసి, ఒక్క ఊపులో ఇవతలికి లాగేసింది. ముగ్గురం కలిసి పక్కకి తిప్పాం. ముసలామె నోట్లోంచి నీళ్ళు, నురగ వచ్చాయి. దగ్గింది. ఆ దగ్గు వినగానే అమ్మ గోడకి జారబడింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. మావయ్య, వెనక ఇద్దరు మగవాళ్ళు, వాళ్ళ చేతుల్లో గుడ్డ పీలికలు. వెనకే పెద్ద డాక్టరు, డాక్టరమ్మ. పొడుగమ్మ చేతికి రక్తం చూసి మగవాళ్ళు నేరుగా ఆమె మీదికి వెళ్ళారు. ఆమె నా వెనక్కి వచ్చింది. అంత మనిషి నా వెనక ఎలా దాక్కుంటుంది? అయినా దాక్కుంది.

"ఆగండి" అంది అమ్మ. "ఈ ముసలమ్మ బతికింది ఆవిడ వల్ల. ఆ రక్తం ఆవిడదే. గోడ గీసుకుంది."

డాక్టరమ్మ అప్పటికే ముసలామె దగ్గర కూర్చుని నాడి చూస్తోంది. పెద్ద డాక్టరు మాత్రం నన్నే చూస్తున్నాడు.

"ఈ పిల్ల ఎవరు? లోపలికెలా వచ్చింది?"

మావయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. పెద్ద డాక్టరు మొహంలోనూ లేదని అప్పుడు గమనించాను. చిన్నపిల్లని వార్డులో పెట్టి తాళం వేశారని బయటికి తెలిస్తే ఆయనకీ భయమే. అక్కడ భయపడని మనిషి ఒక్కరూ లేరు.

"అమ్మాయ్, ఇక్కడ జరిగింది బయట చెప్పకమ్మా" అన్నాడు మెత్తగా.

నేను మాట్లాడేలోపే అమ్మ అందుకుంది. "అది ఇంట్లోనే సరిగా మాట్లాడదు సార్. బయటేం చెబుతుంది? రేపటినుంచి నాకు తోడు ఇంకో ఆయా ఉంటే, ఇది ఇక్కడికి రావాల్సిన పనే ఉండదు. చెప్పాల్సిందీ ఏమీ ఉండదు."

డాక్టరమ్మ తల ఎత్తలేదు కానీ, "బట్టలుతికే చోట ఒకావిడ ఉంది, ముందు ఆవిణ్ణి పంపించొచ్చు" అంది.

పెద్ద డాక్టరు నేలమీది నీళ్ళు దాటుకుంటూ గుమ్మం వైపు తిరిగాడు. "సరే. రేపటికి పంపించండి" అన్నాడు. మగవాళ్ళతో, "ఆ పీలికలు తీసుకుపొండి" అన్నాడు.

సాయంత్రం ఇంటికి వస్తుంటే, మలుపు తిరిగాక అమ్మ ఒక అరుగు మీద కూలబడిపోయింది. కట్టు తడిసి మెత్తబడింది. సంచీ కింద పెట్టి నేనూ పక్కన కూర్చున్నాను.

"భయమేసిందా అమ్మా?"

"రోజూ వేస్తుందే."

నాకు అది తెలీదు. ఇన్నేళ్ళూ పొద్దున్నే నవ్వుతూ వెళ్ళేది కదా.

"రేపు ఆవిడ నిజంగా వస్తుందా? పెద్ద డాక్టరు మాట మార్చేస్తే?"

"రాకపోతే నేను లోపలికి వెళ్ళను. గుమ్మం బయటే కూర్చుంటా. ఉద్యోగం పోతే పోనీ" అంది అమ్మ.

ఆ మాట అంటున్నంతసేపూ అమ్మ గొంతు వణుకుతూనే ఉంది. నేను ఆమె మంచి చెయ్యి పట్టుకున్నాను. లేచి నడిచేంత ఓపిక వచ్చేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.