బీట్‌రూట్ పథ్యం

గంజులో నీళ్ల చప్పుడు మారగానే రాజనర్సు మూత పక్కకు జరిపి, సన్నని ఇనుప చువ్వతో ఒక దుంపను గుచ్చి చూశాడు. చువ్వ సగం దాకా దిగి ఆగిపోయింది. ఇంకా ఉడకాలి. మూత పెట్టేసి పీట మీద కూర్చుని, రెండో బస్తా మూతి విప్పాడు.

దుంపలకు తోట మట్టి ఇంకా తడిగానే ఉంది. ఒక్కొక్కటీ తొట్టిలో ముంచి కొబ్బరి పీచుతో రుద్దుతున్నాడు. ఆకులు పప్పులోకి, అవి వేరే తట్టలో పడుతున్నాయి. కాడను బొటనవేలంత వదిలి కోయాలి. కింద తోకను అసలు ముట్టుకోకూడదు. ఎక్కడ కత్తిగాటు పడినా ఉడికేటప్పుడు లోపలి ఎరుపంతా నీళ్లలోకి కారిపోతుంది. పైకి దుంప దుంపలాగే కనిపిస్తుంది. కోసి చూస్తే పాలిపోయి, చప్పగా ఉంటుంది.

ఆ పద్ధతి మెస్సు యజమానురాలు కమలకుమారి అత్తగారు నేర్పింది. ఆవిడ పోయి చాలా కాలమైంది. కమలకుమారి మామగారు యాభై ఆరులో తెనాలి నుంచి గుమాస్తా ఉద్యోగానికి వచ్చి, నాంపల్లి స్టేషన్ ఎదురు సందులో ఈ రెండంతస్తుల ఇల్లు అద్దెకు తీసుకున్నాడట. తోటి గుమాస్తాలకు ఇంత అన్నం పెట్టడంతో మొదలైన మెస్సు ఇప్పుడు కమలకుమారి చేతికి వచ్చింది. చలికాలం వస్తే ఇక్కడ బీట్‌రూట్‌దే రాజ్యం. కొబ్బరికోరు వేసి వేపుడు, ఆవ పెట్టి కూర, పెరుగు పచ్చడి, చారు, పండగొస్తే హల్వా. రాజనర్సు అరచేతులు కార్తికంలో ఎర్రబడితే శివరాత్రి దాటితేగాని తెల్లబడవు.

"రాజనర్సూ, ఇవాళ సగం వేపుడు, సగం ఆవ పెట్టేద్దాం. పెరుగు పచ్చడికి నాలుగు పక్కన పెట్టు" అని గుమ్మంలో నుంచి అంది కమలకుమారి.

"ఔనమ్మా."

ఆమె వెళ్లాక చేతిలోని దుంపను తొట్టిలోనే వదిలేసి, కళ్లు మూసుకుని, చెవుల్లో హోరు తగ్గేదాకా ఆగాడు. ఈ మధ్య వంగి లేస్తే చాలు, స్టేషన్‌లో రైలింజను దగ్గర నిలబడ్డట్టు చెవులు హోరెత్తుతున్నాయి.

ఈ ఉదయం కూడా ఎర్రగానే పడింది.

మొదటిసారి చూసినప్పుడు దీపావళి వెళ్లి కొన్నాళ్లయింది. మరుగుదొడ్డి తలుపు గడియ మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ మధ్యాహ్నమే, మెస్సులో తినే బ్యాంకు ఫణికుమార్ ఎవరితోనో అంటుంటే విన్నాడు. "కమలకుమారి గారు బీట్‌రూట్ ఫ్యాక్టరీ పెట్టారండీ. పొద్దున్నే బాత్‌రూమ్‌లో చూసుకుని గుండె ఆగినంత పనైంది. తర్వాత గుర్తొచ్చింది, రాత్రి తిన్నదే!" అందరూ నవ్వారు. వడ్డిస్తున్న రాజనర్సు అందరికంటే ఎక్కువ నవ్వాడు. వారాల తరబడి ఆ నవ్వుతోనే నెట్టుకొచ్చాడు. కానీ మెట్లెక్కితే మోకాళ్లు వణకడం మొదలైంది. నిద్రలో గుండె తలుపు కొట్టినట్టు కొట్టుకోవడం మొదలైంది.

అందుకని ఎవరికీ చెప్పకుండా తనకు తానే పథ్యం పెట్టుకున్నాడు. ఆదివారం నుంచి బీట్‌రూట్ మానేశాడు. వేపుడు లేదు, పెరుగు పచ్చడి లేదు, ఆకు పప్పు కూడా లేదు. తినడం మానితే ఎరుపు ఆగాలి. ఆగితే అది దుంపది. ఆగకపోతే... ఆ తర్వాతి మాటను అతను మనసులో కూడా అనుకోలేదు.

"గింత వేపుడన్న పెట్టుకోవయ్యా" అని భార్య నర్మద పూటపూటా అడుగుతూనే ఉంది.

"నోటికి బుద్దయితలేదే."

"బీట్‌రూట్ తింటే రక్తం పడతది. మొకం అద్దంల సూసుకున్నవా?"

"సూసుకోని ఏం జెయ్యాలె? పెండ్లిసూపులకు పోవాల్నా?"

అతనికి జొన్నరొట్టె, టమాటా తొక్కు చాలు. నర్మద రోట్లో నూరుతుంది. నోరు మండేంత కారం. ఈ వారం టమాటా మంచిది వచ్చినట్టుంది, కారం వెనక కొంచెం తియ్యగా తగులుతోంది.

టిఫిన్ల వేళకు పళ్లేల దొంతర ఎత్తుకుని పై గదికి వెళ్తూ సగం మెట్లలో ఆగిపోయాడు. కళ్ల ముందు నల్లటి చుక్కలు ఈగల్లా తిరిగాయి. గోడకు భుజం ఆనించి నిలబడ్డాడు. దిగి వస్తున్న సుష్మ అతన్ని చూసి దొంతర అందుకుంది. ఆమె పెద్ద దవాఖానలో నర్సు. పక్క సందులో హాస్టల్లో ఉంటూ పొద్దునా రాత్రీ ఇక్కడే తింటుంది.

"ఏమైంది కాకా?"

"ఏం లేదు బిడ్డా. నిద్ర జాలలే."

"చేతులు చూపించు." అతను చాపాడు. సుష్మ నవ్వింది. "ఈ చేతులు చూస్తే హైదరాబాద్ మొత్తంలో నీకున్నంత రక్తం ఎవరికీ లేదనాలి." గోళ్ల అంచుల్లో, గీతల్లో, మణికట్టు దాకా అంతా ఎరుపే. ఆ రంగు కింద ఏముందో ఎవరికీ కనిపించదు. ఆమె సరదాగానే అతని కింది కనురెప్పను బొటనవేలితో కిందికి లాగింది. నవ్వు అక్కడే ఆగిపోయింది. రెండో కన్ను కూడా చూసింది.

"కాకా, ఇయ్యాల మధ్యాహ్నం మా దవాఖానకు రా. రక్తం పరీక్ష చేయిద్దాం. ఓపీ గేటు దగ్గర నేనే ఉంటా. రేపూ మాపూ అనకు. ఇంకేమన్న బాధ ఉన్నదా? చెప్పు."

చెబుదామనే అనిపించింది. కూతురు వయసు పిల్ల. మరుగుదొడ్డి సంగతి ఆమె ముందు ఏ నోటితో చెప్పడం?

"ఏం లేదమ్మా. వస్త."

పదకొండింటికల్లా క్యారియర్లు సిద్ధమయ్యాయి. ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణం వాళ్లకు రోజూ అతనే పట్టుకెళ్తాడు. స్టేషన్ రోడ్డు దాటుతుండగా బొంబాయి బండి గురించి మైకులో చెబుతున్నారు. రాజనర్సు అటు చూడలేదు. సిద్దిపేట పక్క పల్లెలో బోరు ఎండిపోయాక చంటిపిల్లను, నర్మదను వెంటబెట్టుకుని ఈ స్టేషన్ దగ్గరికే చేరాడు. హమాలీగా ఎవరెవరివో పెట్టెలు బండ్లలో ఎక్కిస్తూ వయసంతా గడిపాడు. నడుము పట్టేశాక మెస్సులో పీట దొరికింది. చంటిపిల్ల జమున పెద్దదై, భీవండీలో మగ్గాల పని చేసే వాణ్ని చేసుకుని, ఈ బొంబాయి బండిలోనే వెళ్లింది. వచ్చిన ప్రతిసారీ అదే బండిలో తిరిగి వెళ్తుంది. ఎందరి పెట్టెలనో ఎక్కించినవాడు, కూతురు ఎక్కిన బండి కదిలేదాకా మాత్రం ఎన్నడూ నిలబడలేదు. చెయ్యి ఊపే వేళకు అతను గేటు బయట ఉండేవాడు. "పిల్ల నీకోసం కిటికీలకెళ్లి సూసి సూసి పోయింది" అని నర్మద దెప్పేది.

ఒకప్పుడు నెత్తిన రెండు ట్రంకు పెట్టెలు మోసుకుంటూ పరుగెత్తినవాడు ఇప్పుడు రెండు క్యారియర్లతో జీపీవో దాకా వచ్చేసరికి కాలిబాట అంచున కూలబడ్డాడు. ఎదురుగా ట్రాఫిక్‌లో అంబులెన్సు ఇరుక్కుని అరుస్తోంది. ఎవరూ దారి ఇవ్వడంలేదు. ఇవ్వడానికి దారి కూడా లేదు. అది అరుస్తున్నంతసేపూ అతను దాని వెనక తలుపునే చూశాడు. ఎండలో కూర్చున్నా పాదాలు చల్లగా ఉన్నాయి.

దుకాణంలో కుర్ర సేల్స్‌మన్ క్యారియర్ అందుకుంటూ, "ఏంది కాకా, పొద్దుగాలనే యాటను కోసొచ్చినవా, చేతులు గట్లున్నయ్?" అన్నాడు. రాజనర్సు నవ్వబోయాడు. నోరు ఎండిపోయి పెదవులు పళ్లకు అంటుకున్నాయి.

తిరిగొచ్చేటప్పుడు నిశ్చయించుకున్నాడు. వెళ్లాలి. పథ్యం అబద్ధం చెప్పదు.

భోజనాలు అయ్యాక పెరట్లో రెండు చెంబులు పోసుకుని, జమున పోయిన ఏడు తెచ్చిన తెల్ల చొక్కా తొడుక్కున్నాడు. వంట గదిలో మరక పడుతుందన్న భయంతో దాన్ని ఎప్పుడూ తొడుక్కోలేదు. మడత గీతలు ఇంకా పోలేదు. గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

"ఏందయ్యా, గీ పూట తయారైనవ్? యాడికి?" అంది నర్మద అంట్ల దగ్గర నుంచి.

"దవాఖానకు."

ఆమె చేతిలో గిన్నె ఆగింది. అతను ఆమెను చూడకుండా, తొట్టి మీద తేలుతున్న ఆకును చూస్తూ చెప్పాడు. దీపావళి వెళ్లినప్పటినుంచి పడుతున్న ఎరుపు గురించి, ఫణికుమార్ నవ్వు గురించి చెప్పాడు. "ఐతవారం సంది నేను బీట్‌రూట్ ముట్టలే. అయినా ఎర్రగనే పడుతున్నది. లోపల ఏదో తెగిందే నర్మదా."

నర్మద కళ్లు పెద్దవయ్యాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాడు. నవ్వుతోంది.

"ఓ నా పిచ్చి మారాజా! ముట్టకపోవుడేంది? రోజు తింటనే ఉన్నవు గదా! నీ టమాటా తొక్కుల సగం బీట్‌రూటే. ఉడకబెట్టి, కారం ఎక్కువేసి నూరిన. బుద్దయితలేదంటివి. మొకం జూస్తే సున్నం గొట్టినట్టున్నది. నేనేం జెయ్యాలె మరి? రక్తం ఊకెనే వస్తదా?"

రాజనర్సు ఆమె వంక తెల్లబోయి చూశాడు. "గందుకేనా తియ్యగున్నది?"

"గందుకే."

"టమాటా మంచిదనుకున్ననే!"

"నువ్వు అనుకోవాలనే గదా చింతపండు గూడ ఏసిన."

పీట మీద కూర్చున్నాడు. కడుపులో నుంచి నవ్వు తన్నుకొచ్చింది. నవ్వి నవ్వి దగ్గొచ్చింది, కళ్ల వెంట నీళ్లొచ్చాయి. "సంపినవ్ గదనే! ఎన్ని రాత్రులు నిద్రలేదో నీకెరుకనా? జమునకు ఫోన్ చేద్దామనుకున్న... బతికిచ్చినవ్ పో."

ఆమె చెంబులో మంచినీళ్లిచ్చింది. తాగుతుంటే చెంబు పళ్లకు తగిలి టకటకమంది.

"మరి సిస్టరమ్మ గేటు కాడ సూస్తనన్నది."

"పోతవా? పోతే పో. వద్దంటనా." గిన్నె మళ్లీ అందుకుంది. "ఫణికుమార్ సారు బిడ్డ పుట్టినరోజట, మాపటికి హల్వా గావాలంటున్నది అమ్మ. గడ్డలు కోరుడు నా ఒక్కదానితోని అయితదా? రేపు పొద్దుగాల నేను గూడ వస్త. ఇద్దరం పోదాం."

"రేపు పోదాం తియ్యి." చొక్కాకు మరక పడుతుందని విప్పి, స్టోర్ గది తలుపు వెనక మేకుకు తగిలించాడు. మళ్లీ పాత బనియను వేసుకున్నాడు. గోడ పక్క గోనెపట్టా మీద కూర్చుని, దుంపల తట్ట ముందుకు లాక్కుని చెక్కు తీసి కోరడం మొదలుపెట్టాడు. నర్మద రొట్టె మీద ఇంత వేపుడు పెట్టి ఇస్తే, ఇన్నాళ్ల ఆకలీ ఒక్కసారి గుర్తొచ్చినట్టు తిన్నాడు. తిన్నాక మాత్రం ఎందుకో కడుపు మీద చెయ్యి పెట్టుకుని కాసేపు ఊరకే ఉన్నాడు.

నర్మద సందు చివరికి పాలకు వెళ్లింది. తిరిగొచ్చేసరికి అతను గోడకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. కోరుడు పీట ఒళ్లోనే ఉంది. ముఖంలో ఇన్నాళ్లూ లేని నెమ్మది కనిపించింది. మంచి నిద్ర పట్టిందనుకుంది. పాలగిన్నె చప్పుడు కాకుండా దించింది. కమలకుమారి ఏదో అడగబోతే పెదవుల మీద వేలు పెట్టి చూపించింది. "పడుకోనీ అమ్మా. వారం సంది నిద్రలేదు మనిషికి."

అతని ఒళ్లోంచి పీట మెల్లగా తీసుకుని, పక్కనే కూర్చుని, మిగిలిన దుంపలు తానే కోరింది. కోరుతూ గుసగుసగా మాట్లాడింది. శివరాత్రికి జమున వస్తనన్నదట. ఈసారన్నా బండి కదిలేదాకా నిలబడమంది. కోరినది నేతిలో పచ్చివాసన పోయేదాకా వేపింది. పాలు పోసింది. దగ్గరపడ్డాక చక్కెర, యాలకుల పొడి వేసింది. గరిటె అంచున కొంచెం తీసి, విస్తరాకు ముక్కలో పెట్టుకుని అతని దగ్గరికి తెచ్చింది.

"జర నాలికె మీద ఏసుకో. తీపి సరిపోయిందా?"

అతను పలకలేదు. ఆమె భుజం పట్టి కదిపింది. తల గోడ మీద నుంచి పక్కకు జారింది. అప్పుడు చూసింది, అతని కింద గోనెపట్టా నల్లగా తడిసి ఉండటం.

సుష్మ డ్యూటీ దిగి రొప్పుతూ వచ్చేసరికి వాకిట్లో జనం ఉన్నారు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని మెడ దగ్గర వేళ్లు పెట్టి చాలాసేపు ఉంచింది. కనురెప్ప లాగి చూసి వదిలేసింది. తడిగుడ్డతో అతని కుడిచేతిని రుద్దింది. ఎరుపు పూర్తిగా పోలేదు. పోయినంతమేర చర్మం మైనంలా ఉంది.

"సాయంత్రం దాకా గేటు దగ్గరే చూసిన" అంది. ఎవరితో అంటోందో ఆమెకే తెలియనట్టు అంది. "వస్తనన్నడు. ఎందుకు రాలేదు కాకీ?"

విస్తరాకు ముక్క ఇంకా నర్మద చేతిలోనే ఉంది.

కమలకుమారి వచ్చి, ఆయన మీద కప్పడానికి ఏదైనా గుడ్డ ఉందా అని మెల్లగా అడిగింది. ఎవరో తమ దుప్పటి తెచ్చి కప్పారు. స్టోర్ గదిలోకి ఎవరూ వెళ్లలేదు. అక్కడ తలుపు వెనక మేకుకు తెల్ల చొక్కా వేలాడుతోంది. మడత గీతలు అలాగే ఉన్నాయి, ఎక్కడా ఒక్క ఎర్ర చుక్క లేదు.