పళ్లూడిన దెయ్యానికి పాపత్త గొంతు

పాపత్తకు యాభై ఆరేళ్లు. మోకాళ్లు ఎనభై దాటేశాయని ఆవిడే అంటుంది గానీ, గొంతు మాత్రం ఆరేళ్ల దగ్గరే ఆగిపోయింది. సినిమాల్లో రైల్వేస్టేషన్లో తప్పిపోయే పాప, ఆసుపత్రి మంచం మీద "నాన్న ఎప్పుడొస్తాడమ్మా?" అని అడిగే పాప, అందరికీ డబ్బింగ్ చెప్పేది ఆవిడే. అందుకే స్టూడియోలో అందరూ ఆవిణ్ణి పాపత్త అంటారు.

ఆ మధ్య ఒక కుర్ర దర్శకుడు దెయ్యం సినిమా తీశాడు. అందులో ఒక ఏడేళ్ల పిల్ల ఇంట్లో అడుగుపెట్టింది మొదలు, ఒక్కొక్కరే మెట్ల మీంచి పడి చచ్చిపోతుంటారు. నటించిన పాప ఊరికే చూస్తేనే వెన్నులో చలి పుడుతుంది. తీరా డబ్బింగ్ నాటికి దానికి ముందు పళ్లు ఊడిపోయాయి. "చంపేస్తా" అనమంటే "తంపేత్తా" అంది. సౌండ్ ఇంజినీరు పొట్ట పట్టుకుని నవ్వాడు. దర్శకుడు ఏడవలేక నవ్వి పాపత్తకు కబురుపెట్టాడు.

సినిమాకు ప్రాణమంతా ఒక్క మాటలో ఉంది. తల్లి పరుగెత్తుకుంటూ గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంటుంది. వెనక నుంచి పిల్ల అంటుంది: "తలుపేసుకున్నావా అమ్మా? నేను లోపలే ఉన్నాను."

పాపత్త గర్జించి చెప్పింది.

"పులికి జలుబు చేసినట్టుందత్తా," అన్నాడు ఇంజినీరు.

గుసగుసగా చెప్పింది.

"బిస్కెట్టు కోసం మారాం చేస్తున్నట్టుంది."

సాయంత్రం దాకా అదే తంతు. దర్శకుడు తల పట్టుకున్నాడు. "ఏమనుకోకండత్తా. రేపు కూడా కుదరకపోతే వేరే గొంతు చూసుకుంటాను."

ఇన్నేళ్ల అనుభవంలో పాపత్త వినని మాట అది. ఇంటికి రాగానే బాత్రూంలో దూరి అద్దం ముందు సాధన మొదలుపెట్టింది. కాసేపటికి పక్కింటావిడ తలుపు తట్టింది. "పిన్నిగారూ, లోపల పిల్లి గానీ ఇరుక్కుందా?"

ఇక సాధన చాలించి, ఉస్సూరంటూ టీ కప్పుతో వంటింట్లో కూలబడింది. అప్పుడే హాల్లో ఆవిడ భర్త ఒక చేత్తో టీ కప్పు పట్టుకునే కట్టుడు పళ్ల కోసం సోఫా కిందా మీదా వెతుకుతున్నాడు. మనవరాలు సోఫాలో కాళ్లూపుకుంటూ చూస్తోంది.

"తాతయ్యా, పొద్దున నన్ను తిట్టావు కదా?" అంది మెల్లగా.

"గ్లాసెడు పాలు నా చెప్పుల్లో పోస్తే తిట్టనా మరి?"

"తిట్టావులే." పిల్ల చిన్నగా నవ్వింది. "తిట్టిన నోట్లో పళ్లేవి తాతయ్యా?"

వంటింట్లో పాపత్త చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అరుపు లేదు, కోపం లేదు. మంచినీళ్లు అడిగినంత నెమ్మదిగా అంది పిల్ల. ఆవిడ మోకాళ్ల నొప్పి మరిచిపోయి హాల్లోకి పరుగెత్తింది.

"ఒసేయ్, ఇందాక ఆ మాట ఏమనుకుంటూ అన్నావే?"

"ఏమీ అనుకోలేదు అమ్మమ్మా. పళ్లెక్కడున్నాయో నాకు తెలుసు, తాతయ్యకు తెలీదు. అంతే."

"ఎక్కడున్నాయి?"

"పంచదార డబ్బాలో."

ముసలాయన చేతిలో ఉన్న టీ కప్పు వంక చూసుకున్నాడు. పాపత్త కూడా అప్పుడే రెండో కప్పు తాగి ఉంది. ఇద్దరూ ఒకేసారి సింకు దగ్గరికి పరుగెత్తారు.

మర్నాడు మైకు ముందు నిలబడి ఆవిడ భయపెట్టాలని చూడలేదు. తనకు తెలిసింది ఎదుటివాడికి తెలీదనుకుని, హాయిగా నవ్వుతూ ఆ మాట అనేసింది. ఇంజినీరు హెడ్‌ఫోన్స్ తీసి మెల్లగా వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

"ఇంకోసారి చెప్పనా?" అంది పాపత్త.

"వద్దత్తా!" అన్నారు దర్శకుడూ అతనూ ఒక్కసారే.

సినిమా విడుదలైన రోజు మొగుడూ పెళ్లాలిద్దరూ మధ్యాహ్నం ఆటకు వెళ్లారు. హాలు నిండిపోయింది. తెర మీద తల్లి గడియ పెట్టుకుంది. సరిగ్గా పాపత్త తల వెనకున్న స్పీకర్లోంచి ఆవిడ గొంతే పలికింది: "నేను లోపలే ఉన్నాను."

తన గొంతని తెలిసీ పాపత్త ఉలిక్కిపడి కెవ్వుమంది. ఆ కేక కూడా ఆరేళ్ల గొంతులోనే వచ్చింది.

పిల్లదెయ్యం హాల్లోకి దిగిందనుకుని జనం కుర్చీల్లోంచి లేచారు. పాప్‌కార్న్ గాల్లోకి ఎగిరింది. ఎవరో దేవుణ్ణి పిలిచారు, ఎవరో మేనేజర్ని పిలిచారు. వాళ్ల ముందు వరుసలోని గుబురుమీసాల పెద్దమనిషి వణుకుతూ వెనక్కి తిరిగాడు. చీకట్లో నెరిసిన జుట్టుతో ఒక ముసలావిడ.

పాపత్త సిగ్గుతో చచ్చిపోతూ, ఆయనకు ధైర్యం చెబుదామనుకుంది.

"ఏం లేదు బాబూ, మీరు కూర్చోండి," అంది, అదే గొంతుతో.

ఆయన కూర్చోలేదు. చెప్పులు కూడా వేసుకోలేదు. తలుపు దాకా అడ్డమొచ్చిన వాళ్లందర్నీ తొక్కుకుంటూ పోయాడు.

"పోనీలే," అన్నాడు భర్త, ఖాళీ అయిన కుర్చీ మీద హాయిగా కాళ్లు జాపుకుంటూ. "పని బాగా చేశావన్నమాట."